పవర్‌బ్యాంకు పెట్టెలో కాదు, చేతి సంచిలో

సంపాదకుల వారికి,

‘విమానాల్లో పవర్‌బ్యాంకు నిషేధం’ అన్న మాట కొన్నాళ్లుగా టీవీ స్క్రోలింగుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. శీర్షిక వరకే చదివినవాళ్లు ఏం చేస్తున్నారంటే, చేతిలో ఉంటే లాక్కుంటారేమోనని దాన్ని తీసి చెక్-ఇన్ పెట్టెలో చీరల మధ్య, దుప్పట్ల మధ్య కుక్కుతున్నారు. ఈ విషయంలో చేయగల తప్పులన్నింటిలోకీ ఇదే పెద్దది. పవర్‌బ్యాంకును ఎవరూ నిషేధించలేదు. నిషేధించింది దాన్ని పెట్టెలో పెట్టడాన్ని, విమానంలో వాడటాన్ని. పెట్టెలో పెట్టకూడదన్నది ఏళ్ల నాటి మాటే. వాడకూడదన్నది 2025 నవంబరులో మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ జారీ చేసిన సర్క్యులర్‌తో వచ్చింది. దాని ప్రకారం పవర్‌బ్యాంకులు, విడి బ్యాటరీలు చేతి సామానులోనే ఉండాలి. తల మీది సామాను అరలో పెట్టకూడదు. ప్రయాణంలో వాటితో ఫోను చార్జి చేయకూడదు. సీటు దగ్గర ఉండే ప్లగ్గుకు తగిలించి వాటిని చార్జి చేసుకోకూడదు.

ప్రమాదకర సరుకుల నిబంధనలతో రోజూ పనిచేసేవాళ్లం కాబట్టి, మీ పత్రిక ద్వారా గన్నవరం నుంచి, శంషాబాద్ నుంచి విమానం ఎక్కే కృష్ణా, గుంటూరు జిల్లాల వారికి ఈ నిబంధనలు, వాటి వెనకున్న కారణాలు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం. కారణం తెలిస్తే నిబంధనలు బట్టీ పట్టక్కర్లేదు. బ్యాటరీ అంటుకుంటే అది కంటికి కనపడాలి, చేతికి అందాలి. మిగతా రూల్సన్నీ ఇందులోంచి పుట్టినవే.

లిథియం అయాన్ సెల్లు లోపల రెండు పొరలుంటాయి. వాటి మధ్య మన వెంట్రుక కంటే సన్నని ప్లాస్టిక్ తెర ఒకటి అడ్డు ఉంటుంది. కింద పడి నలిగినా, పెట్టె బరువుకు ఒత్తుకుపోయినా, తయారీలోనే లోహపు రజను చిక్కుకున్నా, అదేపనిగా ఎక్కువ చార్జి ఎక్కినా ఆ తెర చిరుగుతుంది. లోపల షార్టు అవుతుంది. వేడి పెరిగేకొద్దీ లోపలి రసాయనాలు విడిపోయి మరింత వేడి పుట్టిస్తాయి, ఇక అది తనంతట తాను ఆగదు. చాలా రకాల సెల్లుల్లో ఆ వేడికి లోపలి ఆక్సైడు నుంచే ఆక్సిజన్ కూడా విడుదలవుతుంది. అందుకే గాలి అందకుండా మూసిపెడితే ఆరిపోతుందిలే అనుకోవడానికి లేదు. ఒక సెల్లు వేడి పక్క సెల్లుకు తగిలి, అది దాని పక్కదానికి తగిలి సీమటపాకాయల సరం పేలినట్టు వరసగా పోతుంది. మంట ఆరినట్టే ఆరి రెండు నిమిషాలకు మళ్లీ లేవడానికి ఇదే కారణం.

ప్రయాణికుల పెట్టెలు వెళ్లే అడుగు అరలో మంటలార్పే ఏర్పాటు లేక కాదు. పొగ పసిగట్టే యంత్రాలుంటాయి, హేలన్ 1301 అనే వాయువు సిలిండర్లుంటాయి. బట్టలకో అట్టపెట్టెకో అంటుకున్న మంటను హేలన్ అణచగలదు. కానీ అది సెల్లును చల్లబరచదు. లోపల మొదలైన రసాయన చర్య దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. 2017లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చేసిన పరీక్షలు ఇందుకు రుజువు. పెట్టెలో ల్యాప్‌టాప్ బ్యాటరీని వేడెక్కించి, దాని పక్కన డ్రై షాంపూ స్ప్రే డబ్బా ఉంచారు. ఒక నిమిషం కాకముందే డబ్బా పేలింది. అంత త్వరగా జరిగేదాన్ని హేలన్ అందుకోలేదని తేల్చారు. మన పెట్టెల్లో డియోడరెంటు, హెయిర్ స్ప్రే, దోమల స్ప్రే డబ్బాలు ఎక్కడ పెడుతున్నామో ఓసారి ఆలోచించుకోవచ్చు.

ఇవి ఊహలు కావు. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి బయల్దేరిన యూపీఎస్ సరుకుల విమానం బోయింగ్ 747లో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుంది. కాక్‌పిట్ అంతా పొగ కమ్మేసి, పైలట్లకు ముందున్న మీటర్లు కూడా కనిపించలేదు. విమానం కూలి ఇద్దరూ చనిపోయారు. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానంలో సరుకుగా వేయకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. కొరియర్ కౌంటర్లో ‘బ్యాటరీ ఉందా’ అని గుచ్చి గుచ్చి అడిగేది ఇందుకే. అక్కడ లేదని చెప్పి పార్శిల్ కట్టించడం తెలివితేటలు కావు.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో ఎయిర్ బూసాన్ విమానం హాంకాంగ్ బయల్దేరడానికి సిద్ధంగా ఉండగా వెనక వైపు తల మీది అరలో మంటలు లేచాయి. లోపలున్న 176 మందీ జారుడు మెట్ల మీదుగా బయటపడ్డారు, విమానం పైకప్పు మాత్రం కాలిపోయింది. అరలోని పవర్‌బ్యాంకే కారణం కావచ్చని దర్యాప్తులో తేలింది. మార్చి 1 నుంచి పవర్‌బ్యాంకులు ఆ అరల్లో పెట్టరాదని కొరియా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్ నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్, అక్టోబరు నుంచి ఎమిరేట్స్ విమానంలో వాటి వాడకాన్ని ఆపేశాయి. ఎమిరేట్స్ ఒక్కో మనిషికి ఒక్కటే అనుమతిస్తోంది. దుబాయ్ మీదుగా అమెరికా వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మన దగ్గరా అదే అక్టోబరు 19న ఢిల్లీ నుంచి దిమాపూర్ వెళ్లాల్సిన విమానం రన్‌వే వైపు కదులుతుండగా సీటు వెనక జేబులో ఉన్న పవర్‌బ్యాంకు అంటుకుంది. సిబ్బంది వెంటనే ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. రెండు చోట్లా రగిలింది పవర్‌బ్యాంకేనంటున్నారు. ఒకటి మూసిన అరలో ఉంది, ఒకటి కళ్లెదుట ఉంది. తేడా అంతా అక్కడే వచ్చింది.

ఇక లెక్క. అనుమతి అంతా బ్యాటరీలో పట్టే శక్తిని కొలిచే వాట్ అవర్ల మీద నడుస్తుంది, కానీ మనం కొనేది పైన అచ్చేసే ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) చూసి. రెండింటికీ లంకె చాలా తేలిక. ఎంఏహెచ్‌ను వెయ్యితో భాగించి 3.7తో హెచ్చవేయాలి. 10,000 అయితే 37 వాట్ అవర్లు, 20,000 అయితే 74, 27,000 అయితే 99.9. వంద వరకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. వంద దాటి 160 వరకు ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, అదీ మనిషికి రెండే. 30,000 రకం 111 అవుతుంది కాబట్టి అది ఈ కోవలోకి వస్తుంది. 160 దాటితే ప్రయాణికుల విమానంలో చోటు లేదు, ఎవర్ని బతిమాలినా లాభం లేదు. ఆ మధ్య రకానికి అనుమతి ఇవ్వాల్సింది ఎయిర్‌లైన్ మాత్రమే. దాన్ని ముందుగానో చెక్-ఇన్ కౌంటర్లోనో తీసుకోవాలి. భద్రతా తనిఖీ దగ్గరికి వెళ్లాక సీఐఎస్‌ఎఫ్ జవాన్లను అడిగితే వాళ్లు చేయగలిగిందేమీ ఉండదు.

కొందరు 3.7 బదులు 5తో హెచ్చవేసి, 22,000 రకం 110 వచ్చిందని కంగారు పడుతుంటారు. అయిదు వోల్టులనేది యూఎస్‌బీ రంధ్రం నుంచి బయటికొచ్చే వోల్టేజి. లోపలి సెల్లుది 3.7, కొన్నిటికి 3.6 లేదా 3.85 ఉంటుంది. వెనక అచ్చులో ఏది ఉంటే దాన్నే తీసుకోవాలి. అచ్చులో నేరుగా వాట్ అవర్లే ఉంటే ఈ తంటా కూడా లేదు.

అచ్చు చెరిగిపోయిన పవర్‌బ్యాంకు సంగతి వేరు. నాలుగేళ్లు వాడాక అక్షరాలు అరిగిపోతాయి, లేదా పిల్లలు స్టిక్కర్లు అంటించేస్తారు. తనిఖీ చేసేవారికి సామర్థ్యం తెలిసే దారి లేదు కాబట్టి తీసి పక్కన పెట్టేస్తారు. ‘పదివేలదే సార్’ అంటే చెల్లదు. చైనా అయితే 2025 జూన్ 28 నుంచి తమ దేశపు 3సీ అనే భద్రతా ధ్రువీకరణ ముద్ర స్పష్టంగా లేని పవర్‌బ్యాంకులను దేశీయ విమానాల్లోకి రానివ్వడం లేదు. చైనాలో వైద్యం చదివే మన పిల్లలు అక్కడ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరేటప్పుడు ఇక్కడ కొన్నది పనికిరాకపోవచ్చు.

ఇంతకంటే చిత్రమైనది ఇంకోటి ఉంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో తోపుడు బండి మీద అయిదారు వందలకు 50,000 ఎంఏహెచ్ అని పెద్దక్షరాలతో రాసిన పవర్‌బ్యాంకు దొరుకుతుంది. గుంటూరు బజార్లలోనూ అంతే. ఒకసారి చేత్తో తూచి చూడండి. మామూలుగా వాడే, 18650 అనే గొట్టం ఆకారపు సెల్లు ఒకటి 45 నుంచి 50 గ్రాములుంటుంది, 3,000 ఎంఏహెచ్ దాకా ఇస్తుంది. 50,000 కావాలంటే అలాంటివి పదిహేడు కావాలి. అంటే సెల్లుల బరువే ముప్పాతిక కిలో పైమాట. చేతిలో ఉన్నది రెండొందల గ్రాములుంటే లోపల మూడో నాలుగో సెల్లులున్నట్టు. నిజానికి అది విమానంలోకి రావడానికి సామర్థ్యం అడ్డు కాదు. కానీ పైన 50,000 అని ఉంది కదా, లెక్క 185 వాట్ అవర్లు తేలుతుంది, పట్టుకెళ్లనివ్వరు. అబద్ధపు అచ్చుకు డబ్బు పోసి, ఆ అబద్ధం వల్లే వస్తువు పోగొట్టుకోవడం అన్నమాట. పైగా ఇలాంటివాటిలో ఎక్కువ చార్జిని ఆపే సర్క్యూట్ సరిగా ఉండదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి పీకిన సెల్లులు పెట్టినవీ ఉంటాయి. కొనేటప్పుడు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ నమోదు ముద్ర చూడాలి. పవర్‌బ్యాంకుకు ఐఎస్ 13252, లోపలి సెల్లులకు ఐఎస్ 16046 ప్రమాణాలు, దాంతోపాటు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నమోదు సంఖ్య ఉండాలి. షాపువాడు ‘గ్యారంటీ నాది’ అంటాడు. విమానం ఎక్కేది వాడు కాదు.

ల్యాప్‌టాపుల్లో ఎక్కువభాగం 40 నుంచి 99 వాట్ అవర్ల మధ్యే ఉంటాయి. ఎంత పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్ అయినా వంద దగ్గరకొచ్చి ఆగిపోవడం వెనక ఉన్నది ఈ విమాన నిబంధనే. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. పెద్ద కెమెరాలకు వెనక తగిలించే వి-మౌంట్ బ్యాటరీల్లో 98 రకం ఉంటుంది, 150 రకం ఉంటుంది. మొదటిది మామూలుగా వెళ్తుంది. రెండోదానికి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అదీ రెండే. నాలుగు తీసుకుని బయల్దేరితే రెండు ఇక్కడే ఆగిపోతాయి. కెమెరా బ్యాటరీల ఇత్తడి కాంటాక్టుల మీద టేపు వేయాలి, లేదా ఒక్కోదాన్ని ఒక్కో ప్లాస్టిక్ కవరులో ఉంచాలి. విడి బ్యాటరీని తాళంచెవుల గుత్తితోనో చిల్లరతోనో కలిపి వేస్తే షార్టు అయ్యేది అక్కడే.

పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు మన జిల్లాల్లో పెరిగాయి కాబట్టి ఒక మాట. ఆరు సెల్లుల వరస బ్యాటరీ 22.2 వోల్టులు. 16,000 ఎంఏహెచ్‌ది అయితే 355 వాట్ అవర్లు, 22,000ది అయితే 488. ఇవి చేతి సామానులోనూ వెళ్లవు, పెట్టెలోనూ వెళ్లవు. శిక్షణకో ప్రదర్శనకో వెళ్లేవాళ్లు రోడ్డు మార్గం చూసుకోవాల్సిందే. పెద్దవాళ్ల బ్యాటరీ చక్రాల కుర్చీకి మాత్రం వేరే లెక్క ఉంది. బ్యాటరీ విడదీసే రకమైతే 300 వాట్ అవర్ల వరకు ఒకటి, లేదా 160 చొప్పున రెండు, విడదీసి క్యాబిన్లోకి తెచ్చుకోవచ్చు. టికెట్ కొన్న రోజే ఎయిర్‌లైన్‌కు చెప్పి రాయించుకోవాలి. కౌంటర్ దగ్గర మొదలుపెడితే నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి గంటసేపు వాదులాట తప్పదు.

గన్నవరం నుంచి వెళ్లేవారికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఏటీఆర్ విమానాల సంగతి. హైదరాబాదుకో విశాఖకో ఫ్యాన్ రెక్కల విమానం వస్తే, దాని తల మీది అరలు చిన్నవి. చక్రాల బ్యాగు అందులో పట్టదు. అందుకని విమానం మెట్ల దగ్గరే దానికి ఒక ట్యాగు కట్టి తీసుకుని సామాను అరలో వేస్తారు. దిగాక అక్కడే ఇస్తారు. అప్పటిదాకా అది చేతి సామానే, ఆ క్షణం నుంచి అది చెక్-ఇన్ సామాను. లోపలున్న పవర్‌బ్యాంకు దాంతోపాటే సామాను అరలోకి పోతుంది. ఎండలో, తోపులాటలో, వెనక వరుస నెడుతుంటే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. చేయాల్సింది ఒకటే. పవర్‌బ్యాంకు, విడి బ్యాటరీలు, అవసరమైన మందులు ఒక చిన్న జిప్పు సంచిలో వేసి బ్యాగు పై జేబులో ఉంచుకోవాలి. ట్యాగు కట్టేలోగా ఆ సంచి ఒక్కటి లాగి చేతిలో పట్టుకుంటే సరిపోతుంది. బ్యాగు అడుగున, బట్టల కింద పెట్టుకుంటే మెట్ల దగ్గర నేల మీద అంతా విప్పుకోవాల్సి వస్తుంది. అరలు నిండిపోయినప్పుడు పెద్ద విమానాల్లోనూ ఇలా బ్యాగులు తీసుకుంటారు.

పరికరం లోపలే బ్యాటరీ ఉన్న వస్తువులు వేరు. ల్యాప్‌టాప్, ట్యాబ్, ట్రిమ్మర్, చార్జింగ్ ఫ్యాను, చార్జింగ్ టార్చి పెట్టెలో పెట్టడానికి అనుమతి ఉంది. కాకపోతే పూర్తిగా ఆపాలి. ల్యాప్‌టాప్ మూత మూస్తే అది నిద్రపోతుందే గాని ఆగదు, షట్‌డౌన్ చేయాల్సిందే. మెత్తని బట్టల మధ్య, నలగకుండా పెట్టాలి. ట్రిమ్మరుకు లాక్ బటన్ ఉంటే నొక్కాలి, లేకపోతే స్విచ్చి మీద టేపు వేయాలి. పెట్టెలోంచి బర్రుమని మోత వస్తే ఆ పెట్టె పక్కకు పోయినట్టే. మా సలహా మాత్రం, పెట్టొచ్చని ఉన్నా ల్యాప్‌టాప్‌ను పెట్టెలో పెట్టొద్దనే. చేతి సంచికి బరువెక్కువైతే పుస్తకాలు పెట్టెలోకి మార్చండి.

పెట్టెకు తగిలించే బ్లూటూత్ ట్రాకర్ల గురించి చాలామంది అడుగుతుంటారు. వాటిలో ఉండేది నాణెం ఆకారపు చిన్న సెల్లు, లిథియం గ్రాములో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. అనుమతించే పరిమితి 0.3 గ్రాములు కాబట్టి పెట్టెలో ఉంచవచ్చు. చార్జింగ్ సౌకర్యం ఉన్న ‘స్మార్ట్’ సూట్‌కేసులకు మాత్రం బ్యాటరీ ఊడదీయగలిగేలా ఉండాలి. 2018 జనవరి నుంచి పెద్ద ఎయిర్‌లైన్లు దీన్ని పట్టుబట్టి అమలు చేస్తున్నాయి. ఊడని రకం బహుమతిగా వచ్చినా విమానానికి తేకండి.

మన ఇళ్లలో జరిగే తారుమారు ఒకటుంది. ఆవకాయ సీసా, గోంగూర డబ్బా, నెయ్యి, కారం చేతి సంచిలో పెట్టుకుని పవర్‌బ్యాంకు పెట్టెలో పెడతారు. సరిగ్గా తిరగేయాలి. పచ్చళ్లు, కారం గట్టిగా సీలు చేసి పెట్టెలోకి, బ్యాటరీలు చేతిలోకి. చేతి సంచిలో తీపి ఉన్నా ఇబ్బంది లేదు గాని, దాన్ని చార్జర్ల పక్కన పెట్టొద్దు. ఎక్స్‌రే తెర మీద తిండి, కాగితం, ప్లాస్టిక్ లాంటివి నారింజ రంగులో కనిపిస్తాయి, లోహం నీలం రంగులో, రెండూ కలిసినవి ఆకుపచ్చగా. పేలుడు పదార్థాలు కూడా ఆ నారింజ కోవలోవే. రెండు కిలోల బందరు లడ్డు ముద్దగా ఒక చోట, దానికి ఆనుకుని చిక్కుపడ్డ వైర్లు, ఒక బ్యాటరీ దిమ్మ. తెర ముందు కూర్చున్న మనిషి ఆ బ్యాగును ఆపకపోతేనే తప్పు. 1988 డిసెంబరు 21న స్కాట్లండ్‌లోని లాకర్బీ మీద పాన్ యామ్ విమానాన్ని పేల్చిన బాంబు రేడియో క్యాసెట్ ప్లేయర్లో దాచినది. 2016 ఫిబ్రవరిలో సోమాలియాలో డాలో ఎయిర్‌లైన్స్ విమానానికి గాల్లో చిల్లు పెట్టిన బాంబును ల్యాప్‌టాప్‌లో దాచారని దర్యాప్తులో చెప్పారు. వరుసలో ల్యాప్‌టాప్ బయటికి తీయమన్నప్పుడు విసుక్కునేవాళ్లు ఈ రెండూ గుర్తు తెచ్చుకోవాలి.

ట్రేలో పెట్టే పద్ధతి కూడా తెలిస్తే వరుస చురుగ్గా కదులుతుంది. ల్యాప్‌టాప్, ట్యాబ్ కవర్లోంచి తీసి ఒక ట్రేలో బల్లపరుపుగా, దాని మీద ఏమీ లేకుండా పెట్టాలి. పలకలాంటి దాని బ్యాటరీ కిరణాలకు అడ్డుపడి కిందున్నదేమిటో కనపడనివ్వదు. పవర్‌బ్యాంకు, చార్జరు, కెమెరా, ఇయర్‌బడ్స్ డబ్బా ఇంకో ట్రేలో. వైర్లు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఫోను, వాచీ, పర్సు బ్యాగు జేబులోనే వేసి జిప్పు పెట్టేస్తే పోగొట్టుకునే బాధ ఉండదు. ట్రేలో వదిలేస్తే హడావుడిలో మర్చిపోయేది ఎక్కువగా ఫోనునే.

అమెరికా వెళ్లేవాళ్లకు ఇంకో మెలిక. 2014 జూలై నుంచి అక్కడి భద్రతా విభాగం, కొన్ని విదేశీ విమానాశ్రయాల్లో అమెరికా విమానం ఎక్కబోయేవారిని ఫోనో ల్యాప్‌టాపో ఆన్ చేసి చూపించమని అడిగేలా నియమం తెచ్చింది. చార్జి అయిపోయి ఆన్ కాకపోతే ఆ వస్తువును విమానంలోకి రానివ్వకపోవచ్చు. గుంటూరు నుంచి కారులో శంషాబాద్, అక్కడి నుంచి గల్ఫ్, అక్కడ ఆరు గంటల పడిగాపులు. ఈలోగా పిల్లలు సినిమాలు చూసి అంతా ఖాళీ చేస్తారు. పైగా ఇప్పుడు విమానంలో పవర్‌బ్యాంకుతో ఎక్కించుకోవడానికీ లేదు. సీటు దగ్గరి యూఎస్‌బీతో ఫోను చార్జి చేసుకోవచ్చు, విమానం మారే చోట ప్లగ్గు పట్టుకోవచ్చు. బంధువుల కోసం తీసుకెళ్లే కొత్త ఫోను సీలు విప్పకుండా ఉంచుకోవాలని ఉంటుంది గాని, ఒకసారి విప్పి ఆన్ చేసి చూసుకుని మళ్లీ సర్దుకోవడం మంచిది.

అటు నుంచి వచ్చేవాళ్లకు రెండు హెచ్చరికలు. కొండలెక్కేవాళ్లు వాడే శాటిలైట్ మెసెంజర్ పరికరాలు, శాటిలైట్ ఫోన్లు అమెరికాలో దుకాణాల్లో మామూలుగానే దొరుకుతాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా అవి దగ్గర పెట్టుకోవడమే నేరం. గోవాలో, ఢిల్లీలో విదేశీయులు ఇలాంటివాటితో విమానాశ్రయంలో పట్టుబడి కేసుల పాలయ్యారు. ఈ-సిగరెట్లు 2019 చట్టం ప్రకారం అమ్మకం, దిగుమతి పూర్తిగా నిషేధం. కొన్ని దేశాల్లో చేతి సామానులో అనుమతిస్తారని ఇక్కడికి తెస్తే కుదరదు. డ్రోన్ల సంగతీ అంతే. పూర్తిగా తయారైన డ్రోను దిగుమతిని 2022 ఫిబ్రవరి నుంచి నిషేధించారు. మేనల్లుడికని బొమ్మలాంటిది కొనుక్కొచ్చినా కస్టమ్స్ దగ్గర ఆగుతుంది.

విమానం ఎక్కాక పవర్‌బ్యాంకు ఎక్కడ పెట్టాలి? ముందు సీటు కింద పెట్టిన సంచిలో, లేదా ఒంటి మీద జేబులో. వెనక జేబు వద్దు, కూర్చుంటే నలుగుతుంది. ఫోను సీట్ల సందులో జారిపోతే సీటు ముందుకూ వెనక్కూ లాగొద్దు. చేయి దూర్చి వెతకొద్దు. సీటు కింది ఇనుప యంత్రాంగం ఫోనును పిండేస్తుంది, మంటలు రావడానికి అది చాలు. లేచి నిలబడి సిబ్బందిని పిలవాలి. వాళ్లకు ఇందులో శిక్షణ ఉంటుంది. ఏదైనా పరికరం ఉబ్బినట్టు, చేయి కాలేంత వేడిగా, తియ్యటి రసాయనపు వాసనతో కనిపిస్తే అప్పుడూ అంతే. దాచిపెట్టుకుంటే మంట దాగదు. మంట లేస్తే సిబ్బంది ముందు హేలన్ సిలిండరుతో ఆర్పుతారు, ఆ వెంటనే నీళ్లు పోస్తారు. నీళ్లు లేకపోతే మద్యం కాని ఏ పానీయమైనా. నీళ్లు పోయడం చూసి కరెంటు వస్తువు మీద నీళ్లేమిటని అడ్డుపడేవాళ్లుంటారు. ఇక్కడ కావాల్సింది చల్లబరచడమే, లేకపోతే పక్క సెల్లు అంటుకుంటుంది. ఐసు మాత్రం వేయకూడదు, దుప్పటి కప్పకూడదు. రెండూ వేడిని లోపలే పట్టి ఉంచుతాయి.

ఫ్లైట్ మోడ్ సంగతి అందరికీ తెలిసిందే. 2014 నుంచి ప్రయాణమంతా ఫ్లైట్ మోడ్‌లో ఫోను వాడుకునేందుకు డీజీసీఏ ఒప్పుకుంది. ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు ల్యాప్‌టాప్ మూసి పెట్టమనేది సిగ్నల్ గురించి కాదు. ఒక్కసారిగా బ్రేకు పడితే కిలోన్నర బరువు వస్తువు ముందు వరుస తల మీదికి ఎగురుతుంది. మనుషులు బయటికి పరుగెత్తాల్సి వస్తే దారికీ అడ్డం.

ఉబ్బిన పవర్‌బ్యాంకు ఉంటే ఇంట్లోనే వదిలేయాలి. చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. మున్సిపాలిటీ చెత్త లారీలో నలిగితే అక్కడా అదే కథ.

ఇక ఎవరు ఏం చేయాలన్నది. గన్నవరం విమానాశ్రయ అధికారులను, ఎయిర్‌లైన్లను కోరేదేమిటంటే, పెట్టె బెల్టు మీద పెట్టేలోగా తెలుగులో, వస్తువు పేరు పెట్టి అడగండి. ‘పెట్టెలో పవర్‌బ్యాంకు ఉందా, కెమెరా బ్యాటరీలున్నాయా, ఈ-సిగరెట్ ఉందా’ అని. ప్రమాదకరమైన సరుకులున్నాయా అని టకటకా అడిగితే, మా పెట్టెలో అలాంటివెందుకుంటాయని ఎవరైనా లేదనే చెబుతారు. వాట్ అవర్ల లెక్క ఉన్న తెలుగు బోర్డు తనిఖీ దగ్గర కాదు, టెర్మినల్ బయట ద్వారం దగ్గర ఉండాలి. మన దగ్గర సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వస్తారు కదా. పనికిరానిది ఆ ద్వారం దగ్గరే వాళ్ల చేతికిచ్చి పంపేయవచ్చు. ఒకసారి లోపలికి వెళ్లాక వదిలేసుకున్నది తిరిగి రాదు. అందుకే సాగనంపేవాళ్లు పెట్టె బెల్టెక్కేదాకా కాదు, భద్రతా తనిఖీ అయిందని ఫోను వచ్చేదాకా ఆగితే మంచిది. గుంటూరు, తెనాలి నుంచి వచ్చినవాళ్లకు మరో అరగంట ఆలస్యమైతే కొంపలేమీ మునగవు.

బ్రాడీపేటలో, బెంజిసర్కిల్ దగ్గర టికెట్లు కొట్టిచ్చే ట్రావెల్ ఏజెంట్లు, ఆగస్టులో పిల్లల్ని అమెరికాకు పంపే కన్సల్టెన్సీలు టికెట్టుతోపాటు తెలుగులో ఒక చీటీ ఇవ్వండి. రెండు వాక్యాలు చాలు: పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే, 27,000 ఎంఏహెచ్ దాటకూడదు. పత్రికల వారికి ఒక విన్నపం. ఇకపై ఇలాంటి సర్క్యులర్ వచ్చినప్పుడు ‘విమానంలో నిషేధం’ అని కాకుండా ‘పెట్టెలో పెట్టొద్దు, విమానంలో వాడొద్దు’ అని శీర్షిక పెట్టండి. రెండు పదాలు ఎక్కువవుతాయేమో గాని, శీర్షిక చూసి పెట్టె సర్దుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఏటీఆర్ మెట్ల దగ్గర ట్యాగు కట్టే సిబ్బందికి కూడా ఇదే మాట. ట్యాగు చేతికిచ్చే ముందు ‘పవర్‌బ్యాంకు తీసుకున్నారా’ అని అడిగి, తీసుకున్నాకే బ్యాగు పట్టుకోండి.

ఇట్లు,
ప్రమాదకర సరుకుల విమాన రవాణాలో పనిచేసే కొందరు,
గుంటూరు